అభివృద్ధి, న్యాయం, మన పిల్లల లెక్క

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నూరేళ్ల పండుగ చేసుకుంటున్నప్పుడు మనం కట్టిన దేవాలయాలను, నడిపిన బడులను, ఆస్పత్రులను తలచుకుంటాం. తలచుకోవలసిందే. అయితే ఈ సభలో నాకిచ్చిన విషయం కొంచెం వేరు. ప్రపంచ దేశాల అభివృద్ధి గురించీ, న్యాయం గురించీ, ఉన్నవారికీ లేనివారికీ మధ్యనున్న ఎడం గురించీ విశ్వవిద్యాలయాలు చేస్తున్న పరిశోధన మీద మాట్లాడమన్నారు. వినగానే ఇది మనకు అందని దూరపు సంగతి అనిపిస్తుంది. ఎక్కడి విశ్వవిద్యాలయాలు, ఎక్కడి వంశధార, నాగావళి గట్లు అనుకుంటాం. కాని ఆ పరిశోధనలో పేరున్న ఒకటి మన గడపల్లోనే జరిగింది. మన శ్రీకాకుళం జిల్లాలో కొందరు పిల్లల ఎత్తు, బరువు, తిండి, చదువు, పెళ్లి వివరాలు 20 ఏళ్లకు పైగా ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం లెక్కల్లో ఉన్నాయి. ఆ లెక్కలు ఏమి చెబుతున్నాయో ఆ పిల్లల సొంత జిల్లావాళ్లమైన మనకు తెలియాలి, తెలిసిన తరువాత మనం చేయవలసింది కొంత ఉన్నది. ఈ రెండు మాటలు చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

ముందుగా అభివృద్ధి అంటే ఏమిటో చూద్దాం. చాలాకాలం దేశంలోని మొత్తం ఆదాయాన్ని జనాభాతో భాగించి, తలకు ఇంత వచ్చింది కాబట్టి ఈ దేశం ఇంత ముందుకు పోయింది అనేవారు. ఈ లెక్కలో ఒక చిక్కు ఉన్నది. ఒకరు పది రొట్టెలు తిని పక్కవాడు పస్తున్నా, తలకు అయిదు రొట్టెల చొప్పున తిన్నట్టే కాగితం మీద కనబడుతుంది. 1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ మొదటి మానవాభివృద్ధి నివేదికను వెలువరించింది. దానికి నడుం కట్టినవారు పాకిస్తాను ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్. ఆయనకు తోడు నిలిచినవారు మన అమర్త్య సేన్. మనిషి ఎన్నాళ్లు బతుకుతున్నాడు, ఎంత చదువుకున్నాడు, ఏపాటి ఆదాయంతో జీవిస్తున్నాడు అన్న మూడింటినీ కలిపి చూడాలని వారన్నారు. అమర్త్య సేన్‌కు 1998లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: మనిషి చేతిలో ఎంత డబ్బు ఉన్నదన్నది ఒక్కటే ప్రశ్న కాదు, ఆ మనిషి ఏమి చేయగలుగుతున్నాడు, ఎలా బతకగలుగుతున్నాడు అన్నది అసలు ప్రశ్న.

ఈ కొలబద్ద మన దగ్గర పెడితే ఏమి కనబడుతుంది? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. శ్రీకాకుళం జిల్లాలో సుమారు 62, విజయనగరం జిల్లాలో సుమారు 59 శాతం మాత్రమే. నీరున్నది, నేలున్నది, సముద్రమున్నది, కష్టపడే చేతులున్నాయి. అయినా వెనుకబడ్డాం. ఎక్కడ వెనుకబడ్డాం, ఏ వయసులో వెనుకబడ్డాం అన్నది తెలుసుకోవాలంటే ఒక్కసారి లెక్క తీస్తే చాలదు. ఒకే బిడ్డను పుట్టినప్పటినుండి పెద్దయ్యేదాకా వెంట ఉండి చూడాలి.

ఆక్స్‌ఫర్డ్ వారు చేసినది ఆ పనే. దాని పేరు ‘యంగ్ లైవ్స్’, అనగా పసి జీవితాలు. ఇథియోపియా, పెరు, వియత్నాం, మన దేశం అనే నాలుగు దేశాల్లో సుమారు 12,000 మంది పిల్లలను తీసుకున్నారు. మన దేశంలో దీనికి ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. కోస్తా నుండి శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, రాయలసీమ నుండి అనంతపురం, కడప, తెలంగాణ నుండి కరీంనగర్, మహబూబ్‌నగర్, వీటితోపాటు హైదరాబాదు నగరం. మొత్తం 20 చోట్ల, చోటొక్కింటికి ఏడాది వయసు పిల్లలు సుమారు 100 మంది, ఎనిమిదేళ్ల పిల్లలు సుమారు 50 మంది. ఆ విధంగా మన రాష్ట్రంలో దాదాపు 3,000 మంది. హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ పనిలో పాలు పంచుకున్నాయి.

2002లో మొదటిసారి వెళ్లారు. మళ్లీ 2006, 2009, 2013, 2016 ప్రాంతాల్లో ఆ ఇళ్లకే వెళ్లారు. 2020, 2021లో కరోనా కాలంలో గడప తొక్కే వీలులేక ఫోనులో మాట్లాడారు. 2023, 2024లో మరల వెళ్లారు. అప్పుడు తల్లి ఒడిలో ఉన్న బిడ్డకు ఇప్పుడు ఇరవై దాటాయి. నడవడం వచ్చీరాని నాడు బల్లమీద పడుకోబెట్టి పొడవు కొలిచారు. అయిదేళ్లప్పుడు నాలుగు బొమ్మలు చూపి, తెలుగులో ఒక మాట చెప్పి, ఏ బొమ్మో వేలు పెట్టి చూపమన్నారు. బడికి పోయే వయసులో లెక్కలు చేయించారు, చదివించారు. పెద్దయ్యాక, ‘నీ బతుకు ఒక నిచ్చెన అనుకో, ఏ మెట్టు మీద ఉన్నావు?’ అని అడిగారు. ఇలా వెంటనంటి చూసినందువల్ల ఏ కష్టం ఏ వయసులో వచ్చి ఏ గుర్తు వదిలిపోయిందో తెలిసింది.

ఇక వారు కనుగొన్నవాటిలో నాలుగు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది ఎదుగుదల. ఏడాది వయసులో కొలిచినప్పుడే మన రాష్ట్రంలోని ఆ పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు వయసుకు తగ్గ ఎత్తు లేరు. పొట్టిగా ఉండడం తప్పేమీ కాదు, అది ఇంటి లక్షణం కావచ్చు. కాని ఇంతమంది ఒక్కసారిగా కురచగా ఉన్నారంటే అది ఇంటి లక్షణం కాదు, తల్లి కడుపులో ఉన్నప్పటినుండి చాలీచాలని తిండి, మాటిమాటికి విరేచనాలు, జ్వరాలు చేసిన పని. అలాంటి పిల్లలు తరువాత చదువులోనూ వెనుకబడడం నాలుగు దేశాల్లోనూ కనబడింది. బడి గంట కొట్టకముందే పరుగు పందెం మొదలైపోయిందన్నమాట. మనం మాత్రం బడిలో చేరిన తరువాతనే అందరికీ సమానమైన అవకాశం ఇస్తున్నామనుకుంటాం.

అయితే ఇది తలరాత కాదు. ఏడాదికి కురచగా ఉన్నవారిలో కొందరు ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఎదుగుదల అందుకున్నారు. అలా అందుకున్నవారు చదువులోనూ మిగిలినవారికంటే ముందున్నారు. ఇందులో మధ్యాహ్న భోజనం కథ మనకు గర్వకారణం. బడుల్లో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో అది మొదలైంది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే కరువు వచ్చింది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫన్ డెర్కన్ అనే ఆర్థికవేత్తలు ఈ పిల్లల లెక్కలనే పరిశీలించి 2014లో ఒక వ్యాసం ప్రకటించారు. పసితనంలో కరువువల్ల దెబ్బతిన్న పిల్లల ఎదుగుదలను బడిలో పెట్టిన అన్నం తిరిగి పూడ్చిందని అందులో తేల్చారు. ఒక గరిటె పప్పు, ఒక ముద్ద అన్నం ఏమి చేస్తాయని తేలికగా మాట్లాడేవారికి ఇదే జవాబు. ఆ పొయ్యి దగ్గర నిలబడి వండిన తల్లులు ఏ నోబెల్ బహుమతికీ తీసిపోని పని చేశారు.

రెండవది చదువు. వియత్నాం పిల్లలకూ మన పిల్లలకూ అయిదేళ్ల వయసులో ఉన్న తేడా కొద్దిపాటిదే. ఎనిమిదేళ్లు వచ్చేసరికి అది బాగా పెరిగింది. అభిజీత్ సింగ్ దీన్ని లోతుగా చూశారు. అక్కడ ఒక ఏడాది బడికి పోతే బిడ్డకు వచ్చేది, ఇక్కడ ఒక ఏడాది పోతే వచ్చేదానికంటే ఎక్కువ అని తేలింది. మన పిల్లలకు తెలివి తక్కువ కాదు. బడిలో గడిపిన ఏడాదికి తగ్గ ఫలం దక్కడం లేదు. హాజరు పట్టీలో పేరు ఉండడం వేరు, పలక మీద అక్షరం రావడం వేరు.

మూడవది నాకు చెప్పడానికి కష్టంగా ఉన్నా, ఈ సభలో చెప్పక తప్పదు. 2002లో ఎనిమిదేళ్ల పిల్లల్లో సుమారు 24 శాతం ప్రైవేటు బడుల్లో ఉన్నారు. 2009లో అదే వయసు పిల్లల్లో 44 శాతం ఉన్నారు. ఏడేళ్లలో ఇంత మార్పు. ఫీజు కట్టి చదివించాలన్న తపన మంచిదే. కాని ఒక ఇంట్లో కట్టగలిగిన ఫీజు ఒక్కరికే అయినప్పుడు ఆ ఒక్కరు ఎవరు? చాలా ఇళ్లలో కొడుకే. ఆడపిల్ల ప్రభుత్వ బడికి, మగపిల్లవాడు టై కట్టుకుని బస్సెక్కి ప్రైవేటు బడికి. ఎడం ఢిల్లీలోనో లండన్‌లోనో పుట్టలేదు, ఒకే కంచం దగ్గర కూర్చున్న అన్నాచెల్లెళ్ల మధ్య పుట్టింది. ఏ సర్కారూ ఈ పని చేయమనలేదు, మనమే చేశాం.

నాలుగవది పెళ్లి. పదిహేనేళ్లకే చదువు మానిన ఆడపిల్లకు పద్దెనిమిది నిండకముందే పెళ్లి అయ్యే అవకాశం, బడిలో కొనసాగిన పిల్లకంటే చాలా ఎక్కువగా ఉన్నదని ఈ లెక్కలు చూపాయి. పెళ్లి కోసం చదువు మాన్పిస్తారని మనం అనుకుంటాం. చాలాచోట్ల ముందు చదువు ఆగుతుంది, తరువాత పెళ్లి వస్తుంది. ఊళ్లో హైస్కూలు లేదనో, దారి మంచిది కాదనో, ఇంట్లో చిన్నపిల్లలను చూసేవారు లేరనో బడి మాన్పిస్తారు. మన జిల్లాల్లో తల్లిదండ్రులు విశాఖపట్నానికో హైదరాబాదుకో చెన్నైకో వలస పోతే, ఇంటి బరువు ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలుసు. మామ్మ దగ్గర ఉన్న పెద్ద గుంటే తమ్ముళ్లకు తల్లి అవుతుంది. కరోనా కాలంలో చేసిన ఫోను సర్వేలోనూ ఇదే మాట వినబడింది. బడులు మూసిన నాడు పేదపిల్లలు, అందులోనూ ఇంటిపని మీద పడిన ఆడపిల్లలు, అందరికంటే ఎక్కువ నష్టపోయారు.

ఇప్పుడు విజయనగరం వైపునుండి ఒక ఉదాహరణ. ఇది పిల్లల గురించి కాదు, వారిని పోషించే కూలి గురించి. 2006లో మొదలైన ఉపాధి హామీ పథకంలో, మట్టి తవ్వినవారికి డబ్బు ఆలస్యంగా రావడం, మధ్యలో కొంత కరగిపోవడం అందరికీ అనుభవమే. 2010 నుండి 2012 వరకు, విజయనగరంతో సహా 8 జిల్లాల్లో వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డుల ద్వారా కూలి చెల్లించే పద్ధతిని పరీక్షించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆచార్యులు ప్రభుత్వంతో కలిసి, ఏ మండలాల్లో ముందు, ఏ మండలాల్లో తరువాత అన్నది చీట్లు వేసినట్టు నిర్ణయించి, రెండింటినీ పోల్చారు. కార్డులు వచ్చినచోట కూలి త్వరగా అందింది, మధ్యలో పోయే డబ్బు తగ్గింది. అంతకంటే విశేషం మరొకటి. ఆ పథకం సక్రమంగా నడిచినచోట రైతులు, మేస్త్రీలు ఇచ్చే కూలి కూడా పెరిగింది. ఒకచోట న్యాయం జరిగితే అది పక్కచోటికి కూడా పాకుతుందన్నమాట.

ఈ లెక్కల విషయంలో ఒక హెచ్చరిక కూడా చేయాలి. యంగ్ లైవ్స్ వారు పేదలున్న చోట్లను కావాలని ఎక్కువగా ఎంచుకున్నారు. కనుక అవి జిల్లా మొత్తానికి సరిపోయే లెక్కలు కావు. పైగా అప్పటి శ్రీకాకుళం జిల్లా ఇప్పుడు అదే రూపంలో లేదు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి, పాలకొండ, సీతంపేట వంటి ప్రాంతాలు అందులోకి వెళ్లాయి. శాస్త్రాన్ని గౌరవించడమంటే దాని హద్దు తెలిసి మాట్లాడడం.

మరి పరిశోధనలోనే న్యాయం మాటేమిటి? మన ఊళ్లలో సర్వే అంటే ఒక విసుగు ఉన్నది. వచ్చారు, అడిగారు, రాసుకున్నారు, పోయారు అంటారు. ఆ విసుగు ఊరికే రాలేదు. ఉద్దానం సంగతి మీకు వేరే చెప్పనవసరం లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో చూశాం. ఎందరో వైద్యులు, పరిశోధకులు వచ్చి నెత్తురు, నీరు, మట్టి తీసుకువెళ్లారు. కారణం ఇదీ అని అందరూ ఒప్పుకున్న మాట ఇంకా రాలేదు. అయినా ఆ శ్రమ వ్యర్థం కాలేదు. ప్రజల గోడు, ఆ లెక్కలు రెండూ కలిసి బలమైనందువల్లనే 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి, ఉద్దానానికి వంశధార నీటిని తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. ఒట్టి కన్నీటికి కదలని కార్యాలయం, లెక్కతో కూడిన కన్నీటికి కదులుతుంది.

కాబట్టి లెక్కకు మనం విరోధులం కాకూడదు. లెక్క మన చేతికి రావాలని అడిగేవాళ్లం కావాలి. యంగ్ లైవ్స్ లెక్కలను పిల్లల పేర్లు, ఊళ్ల పేర్లు తీసివేసి, ప్రపంచంలోని పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచారు. పేర్లు దాచడం మంచి పద్ధతి. కాని వాటిమీద వచ్చిన వ్యాసాలు చాలామట్టుకు ఇంగ్లీషులో ఉంటాయి. కొలవడానికి బిడ్డను ఇచ్చిన తల్లి వాటిని చదవలేదు. ఆ తల్లికీ ఆ వ్యాసానికీ మధ్య వంతెన కట్టవలసింది ఎవరు? చదువుకున్న మన పిల్లలు కారా?

ఇక్కడ మన సంఘం సంగతికి వస్తాను. ఆక్స్‌ఫర్డ్ వారు 2002లో మొదలుపెట్టారు. మన సంఘాల్లో నూరేళ్లుగా ఇటువంటి పుస్తకం ఒకటి రాస్తూనే ఉన్నాం. బాప్తిస్మముల రిజిస్టరు, వివాహముల రిజిస్టరు, సమాధుల రిజిస్టరు. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ వయసులో పెళ్లాడారు, ఏ వయసులో కన్నుమూశారు అన్నీ అందులో ఉన్నాయి. సర్టిఫికెట్ కావలసినప్పుడు తప్ప దాన్ని తెరవం. ఈ శతవార్షికోత్సవ సంవత్సరంలో దాన్ని తెరిచి చదవమని నా మనవి. పేర్లు బయటికి చదవవద్దు, ఎవరినీ సిగ్గుపరచవద్దు. లెక్క మాత్రం తీయండి. గడచిన ఇరవై ఏళ్లలో పెళ్లికూతుళ్ల వయసు పెరిగిందా, తగ్గిందా? ఏడాది నిండకుండా పోయిన బిడ్డలు ఎందరు? నడివయసులో పోయిన మగవారు ఎందరు? ఆ కాగితం సంఘ పెద్దల ముందు ఒక సాయంకాలం పెట్టి మాట్లాడుకుంటే, ఏ పరిశోధకుడూ చెప్పలేని సంగతులు మనకు తెలుస్తాయి.

దానితోపాటు మరి మూడు పనులు. ఆదివారపు బడి ఉపాధ్యాయులు ప్రతి జూనులో పిల్లల పట్టిక రాయాలి. ఎవరు ఏ బడిలో, ఏ తరగతిలో ఉన్నారు, ఎవరు మానేశారు. మానిన పిల్ల ఇంటికి ఆ నెలలోనే ఇద్దరు పెద్దలు వెళ్లాలి. ఏడాది ఆగి వెళితే శుభలేఖ చేతికి వస్తుంది. రెండవది, స్త్రీల సమాజం వారు గర్భిణులను, రెండేళ్లలోపు పిల్లల తల్లులను అంగన్‌వాడీకి తోడుకొని వెళ్లి బరువు చూపించాలి. మన చోడి అంబలి, పప్పు, గుడ్డు, ఆకుకూర విలువ చెప్పడానికి ఆక్స్‌ఫర్డ్ అక్కరలేదు, అవి బిడ్డ కంచంలో పడ్డాయా అని చూసే కన్ను కావాలి. మూడవది, సర్వేవారు వస్తే మూడు ప్రశ్నలు అడగాలి. మీరెవరు, ఇది దేనికి, ఫలితం మాకెప్పుడు చెబుతారు? జవాబు చెప్పనని అనే హక్కు కూడా మనకు ఉన్నది. ఇది పొగరు కాదు, సరసమైన బేరం. కాలేజీలో చదువుతున్న మన యువజనులు ఏడాదికి ఒక్క నివేదికనైనా చదివి, తెలుగులో సంఘానికి వివరించాలి.

సోదర సోదరీమణులారా, న్యాయం అంటే పెద్ద మాట. దాన్ని చిన్న మాటల్లోకి దింపితే, ఏడాది బిడ్డకు పాలు, పదేళ్ల పిల్లకు అన్నతో సమానమైన బడి, పదిహేనేళ్ల పిల్లకు పుస్తకం, పని చేసిన చేతికి వేళకు కూలి. ఇవి ఎక్కడ తప్పుతున్నాయో విశ్వవిద్యాలయాలు కొలిచి చూపగలవు. తప్పకుండా చూసుకోవలసింది ఇంటివాళ్లం, ఇరుగుపొరుగువాళ్లం. 2002లో ఒడిలో ఉన్న ఆ పిల్లల్లో కొందరికి ఇప్పుడు సొంత బిడ్డలు ఉండవచ్చు. ఆ బిడ్డలను బల్లమీద పడుకోబెట్టి కొలిచిన రోజున ముగ్గురిలో ఒకరు కురచ అని ఎవరూ రాయకుండా చేయడం మన చేతిలో కొంతైనా ఉన్నది. రెండవ నూరేళ్లను ఆ పనితో మొదలుపెడదాం.